అమ్మమ్మ బొంతల గోడ

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
1988 ఫిబ్రవరి 11

అమ్మకు,

అమ్మమ్మకు గోడకుర్చీ వేయించిందన్న అభియోగం మోస్తున్న నీ కూతురు మేబెల్, ప్రభువు నామమున నీకు వందనములు చేసి, తన తరఫున తానే వాదించుకుంటూ వ్రాయునది.

ఇక్కడ అమ్మమ్మా నేనూ కుశలం. ఆమె కుశలానికి సాక్ష్యం కావాలంటే, ఉప్మాలో ఉప్పు మరిచానని ఈ ఉదయం వీధి మలుపుదాకా వినబడేట్టు నన్ను తిట్టింది. నరసాపురంలో నువ్వూ, జ్ఞానశేఖర్ మామయ్యా, అత్తయ్యా క్షేమమని తలుస్తాను. నా ఉత్తరాలను నువ్వు సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి బిగ్గరగా చదువుతావని నాకు తెలుసు. కనుక ఇది నీ ఒక్కదానికే రాస్తున్నానని నటించను. మామయ్యా, మీరు కూడా వినండి. మధ్యలో లేచి వెళ్ళకండి.

నీ చిన్న ప్రశ్నలకు ముందు జవాబులు. దగ్గు తగ్గింది. మిరియాల కషాయం వల్ల తగ్గిందని అమ్మమ్మ వాదన, దానంతటదే తగ్గిందని నా వాదన. చదువు వెనకబడలేదు. డిబేటు పోటీలో రెండో స్థానం వచ్చింది. 'ఈ అమ్మాయి ఎదుటివారిని ఓడిస్తుంది గానీ ఒప్పించదు' అని న్యాయనిర్ణేతల్లో ఒకాయన అన్నారు. దాన్ని పొగడ్తగానే తీసుకుని ఇంటికొచ్చి చెప్పాను. "ఓడినవాడు మళ్ళీ నీ మొహం చూస్తాడటే, మొద్దూ?" అంటూ అమ్మమ్మ పోపు గరిటె తిప్పింది.

ఇక పెద్ద ప్రశ్న. మీ పక్కింటి ఆలిస్ పిన్ని కిందటి నెలలో ఇక్కడికి వచ్చి ఒక మధ్యాహ్నం ఉండి వెళ్ళింది. నరసాపురం చేరి నీతో అన్నదట: "మోకాళ్ళు అరిగిన పెద్దావిడను ఒక గుడ్డ గోడ ముందు నిలబెట్టారు. చేతులు రెండూ గోడకు ఆనించి నిలుచుంది పాపం, బళ్ళో శిక్ష పడ్డ పిల్లలా." నువ్వు పంతులమ్మవు కనుక ఆ శిక్షకు పేరు కూడా పెట్టావు. 'అమ్మమ్మకు గోడకుర్చీ వేయించావటే? ఇందుకేనా నిన్ను అక్కడ ఉంచింది?' అని రాశావు. ఆలిస్ పిన్ని చూసింది నిజమే. ఆమె కల్పించి చెప్పిందని నేను అనను. కానీ అమ్మమ్మ అలా ఎందుకు నిలుచుందో ఆమెకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు. కారణం చివర చెబుతాను. ముందే చెబితే తక్కిన వాదన మీరెవరూ వినరు.

వంటింటి వెనక, నిమ్మచెట్టు వైపు కిటికీ ఉన్న ఆ గదిని మామయ్య 'పీలికల కొట్టు' అంటారు. తాతయ్య రైల్వేలో ఉన్న రోజుల నుంచీ అమ్మమ్మ బొంతలు కుట్టేది అక్కడే. మన సంఘంలో ఏ పసిబిడ్డ బాప్తిస్మం పొందినా, స్త్రీలు తలా ఒక పాతచీర ముక్క తెచ్చి ఇవ్వడం, అమ్మమ్మ వాటన్నిటినీ ఒక్క బొంతగా కుట్టి ఆ ఆదివారం తల్లి ఒడిలో వేయడం ఆమె మొదలుపెట్టిన ఆచారం. మామయ్య పిల్లలు అలాంటి బొంత మీదే బోర్లాపడ్డారు. నేనూ పడ్డాను. బొంతలో కుట్టడం రెండో పని. పరచడం మొదటి పని. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఒదుగుతుందో చాప మీద పెట్టి చూసి, తీసి, మార్చి, మళ్ళీ చూసి తేల్చాలి. అమ్మమ్మ ఆ పని మోకాళ్ళ మీద పాకుతూ చేసేది.

కిందటి వానాకాలం తర్వాత ఆమె నేల మీద కూర్చుంటే లేవలేకపోయింది. నేల మీద కూర్చోవద్దని డాక్టరు అన్నారు. క్రిస్మస్‌కు వచ్చిన మామయ్య ఆ మాటను సాగదీసి తీర్పు చెప్పారు. ఇక బొంతలు చాలు. ఈస్టరుకు తాను మళ్ళీ వచ్చి కుట్టుమిషను నరసాపురం పట్టుకుపోతారు. గది ఖాళీ చేసి మంచం వేయిస్తారు. అమ్మ ఇక హాయిగా పడుకోవాలి. ఆ తీర్పులో ప్రేమ లేదని నేను అనను. ఉంది కనుకనే దానితో వాదించడం కష్టమైంది.

అమ్మమ్మ ఎదురు చెప్పలేదు. మామయ్య రైలెక్కాక ఆయన చెప్పినట్టే హాయిగా పడుకుంది. పొద్దున పడుకుంది, మధ్యాహ్నం పడుకుంది. నన్ను తిట్టడం మానేసింది. చెప్పులతో వంటింట్లోకి వెళ్ళినా ఏమీ అనలేదు. ఒకరోజు కావాలనే తడి తువ్వాలు తీసుకెళ్ళి ఆమె మంచం మీద వేశాను. దానివైపు చూసి, అటు తిరిగి పడుకుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఉపాయం సండే స్కూల్లో దొరికింది. పిల్లలకు కథలు చెప్పే ఫ్లానెల్ బోర్డు నీకు తెలిసినదే. పలకకు నూగు గుడ్డ బిగించి ఉంటుంది. వెనక నూగు గుడ్డ అంటించిన కాగితపు గొర్రెల్నీ పడవల్నీ దాని మీద ఆనిస్తే పిన్నూ జిగురూ లేకుండా నిలుస్తాయి. ఆ ఆదివారం ఒక చిన్నపిల్ల తన చేతిరుమాలు తీసి గొర్రెల పక్కన పెట్టింది. అదీ నిలిచింది. నేను కథ మధ్యలో ఆగిపోయాను. బొంత ముక్క రుమాలు కన్నా బరువా? చాప మీద పరిచేదాన్ని గోడ మీద పరిస్తే అమ్మమ్మ నేలకు దిగనక్కరలేదు. కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తే చాలు, ముక్కలు నేను మారుస్తాను.

మేకు కొడితే గోడ పెచ్చులూడుతుంది కనుక నిలబెట్టే చట్రం కావలసి వచ్చింది. అటక మీది పాత దోమతెర కర్రలను కొబ్బరితాడుతో బిగించి చట్రం చేశాను. లోపల నింపడానికి చెక్క కొనే స్తోమత నాకు లేదు. చర్చి సామాన్ల గదిలో క్రిస్మస్ నాటకానికి చేసిన బేత్లెహేము కొండలు పడి ఉన్నాయి, థర్మోకోలువి. పాస్టరు గారిని అడిగితే, "వచ్చే క్రిస్మస్‌కు కొండలెవరు చేస్తారమ్మా?" అన్నారు. నేనే చేస్తానని మాట ఇచ్చి, ఆ కొండలను కోసి చదును చేశాను. ఇక మిగిలింది ఫ్లానెల్ గుడ్డ. అందుకు రోసమ్మను వెంటబెట్టుకుని మోండా మార్కెట్‌కు వెళ్ళాను. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ బండిలో వచ్చి అమ్మమ్మతో కబుర్లాడే రోసమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఈస్టరుకు బాప్తిస్మం పొందబోయేది ఆమె మనవరాలే.

నేను కొలత చెప్పగానే కొట్టతను కత్తెర పక్కన పెట్టి నా వైపు ఎగాదిగా చూశాడు.

"గింత ఫ్లానెలా? ఏంది తల్లీ, కవలలా?"

తెల్ల ఫ్లానెల్ అంటే అతనికి పొత్తిళ్ళ గుడ్డే.

"నాకు పెళ్ళే కాలేదు!" అన్నాను కోపంగా.

అతను నాలుక కరుచుకుని రోసమ్మతో గొంతు తగ్గించి అన్నాడు. "పరేషాన్ గాకమ్మా, నేనెవ్వరికీ చెప్ప."

"నీ నోట్ల మన్నువడ! గోడకయ్యా, గోడకు!"

"గోడకు బాలింత గుడ్డలా?"

"ఆఁ, గోడ సుత కన్నది. మాటలాపి జెర కొసరు కొలువు."

సభలో నా ముందు ఇంతవరకు ఎవరూ అంత త్వరగా వాదం గెలవలేదు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి ఆ గుడ్డ దండెం మీద అట్టలా బిరుసెక్కి ఆరుతోంది. అమ్మమ్మ మంచం దిగి, గుడ్డను తడిపి, చిక్కగా గంజి పెట్టింది.

"అమ్మమ్మా! దీనికి గంజి ఎందుకు పెట్టావు?"

"మనింట్లో గంజి చూడని గుడ్డ ఉందటే? వడలిపోయిన తెల్లగుడ్డ గోడకి వేలాడేస్తే ఎవరో పోయారనుకుంటారు."

దిండు గలీబులకూ, చర్చి బల్లగుడ్డకూ, తాతయ్య రైల్వే కోటుకూ సమానంగా గంజి పెట్టిన చేయి అది. మంచం దిగిందన్న సంతోషంలో నేను మారు మాట్లాడకుండా ఆ గుడ్డనే ఇస్త్రీ చేసి చట్రానికి బిగించాను. తీరా చూస్తే నూగు అంతా గంజిలో అణిగిపోయింది. పెట్టిన ముక్క పెట్టినట్టే జారి నేల మీద పడింది.

"నీ గొర్రెలు నిలబడతాయి గానీ నా ముక్కలు నిలబడవటే?"

"నీ గంజి వల్లే!"

"ఏవిటీ, గంజినంటావా? ఆ గంజి తాగే మీ అమ్మ పెరిగింది! నాలుగు పుస్తకాలు చదివి గంజికి వంకలు పెట్టొచ్చింది!"

అమ్మా, ఆ తిట్లు వింటూ నేను నవ్వలేక, ఏడవలేక చట్రం వెనక నిలబడిపోయాను. ఎన్ని వారాల తర్వాత విన్నాను ఆ గొంతు! గుడ్డను వేడినీళ్ళలో ఉతికి, ఆరేసి, బట్టల బ్రష్షుతో దువ్వితే నూగు మళ్ళీ లేచింది. ఈసారి ముక్క అంటుకుంది. నేను ఫూఫూ అని ఊదినా కదలలేదు. అమ్మమ్మ నా తల మీద ఒకటి మొట్టి, "పన్లేనట్టు ఊదుతావేంటే, ఇంకో ముక్క అందుకో" అంది.

మామయ్యా, క్రిస్మస్‌కు మీరు తెచ్చిన పేముకుర్చీని గోడకు ఎదురుగా వేశాము. అది లేకపోతే నా గోడ ఉండీ ప్రయోజనం లేదు. ఆ కుర్చీకి నేను మీకు హృదయపూర్వకంగా కృతజ్ఞురాలిని. అమ్మా, గోడకుర్చీలో కుర్చీ ఉండదని శిక్షలు వేసే నీకు నేను చెప్పాలా? ఇక్కడ నిజమైన కుర్చీ ఉంది, దానిలో దిండు కూడా ఉంది. అభియోగంలో ఈ భాగాన్ని కొట్టివేయమని మనవి.

అమ్మమ్మ ఆ కుర్చీలో కూర్చుని, చేతికర్ర గడ్డం కింద పెట్టుకుని, "చెప్పవే ఎలా ఉందో. ఆ చివర్నుంచి వరసగా చెప్పు" అనేది. నేను పొంగిపోయాను. ఇంట్లో నా అభిప్రాయాన్ని భరించేవాళ్ళే గానీ అడిగినవాళ్ళు లేరు. ఎర్రంచు పక్కన గోధుమరంగు ఎందుకు బాగుందో, కనకాంబరం రంగు పక్కన ఆకుపచ్చ ఎందుకు బాగాలేదో సభలో మాట్లాడినట్టు మాట్లాడేదాన్ని. ఆమె కళ్ళు చిట్లించి, ఒక్కమాట వదలకుండా వినేది. నా వాక్చాతుర్యం వింటోందనుకున్నాను.

ఇప్పుడు దాచిన సంగతి చెబుతాను.

ఆలిస్ పిన్ని వచ్చి వెళ్ళిన కొద్ది రోజులకు, నేను కాలేజీలో ఉండగా అమ్మమ్మ ముక్కలు తానే పెట్టింది. ఒకే ఛాయ ముక్కలు రెండు పక్కపక్కన ఉండరాదన్నది ఆమె పెట్టిన చట్టం. నేను వచ్చి చూస్తే కుడివైపు మూలలో నీలం, నలుపు, ముదురాకుపచ్చ, ఊదా అన్నీ ఒక్కచోట గుమిగూడి ఉన్నాయి. అప్పుడే వచ్చిన రోసమ్మ కూడా చూసింది.

"అక్కా, గా మూలకేంది అంత చీకటి చేసినవు?"

అమ్మమ్మ నోరు విప్పేలోపే నేను అందుకున్నాను. చీకటి పక్కన ఉంటేనే వెలుగు తెలుస్తుందనీ, అది తెలిసి చేసిన ఏర్పాటనీ, అర్థం కానివాళ్ళకు తప్పులా కనిపిస్తుందనీ ఉదాహరణలతో సహా చెప్పాను. అమ్మమ్మ నా వైపు చూడలేదు.

"ఏమో బిడ్డా, నీ ఇంగ్లీషు సదువు నాకేమెరుక," అంది రోసమ్మ. "మా అమ్మ చీర ముక్క యాడ పెట్టినవక్కా? అది నడిమిట్ల ఉండాలె."

అమ్మమ్మ కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు అరచేతులూ గుడ్డకు ఆనించి ఒక్కొక్క ముక్కనూ తడుముతూ పోయింది. ఆలిస్ పిన్ని చూసింది ఇలా నిలుచోవడాన్నే. కాసేపటికి వేళ్ళు ఒక ముక్క మీద ఆగాయి. "ఇదిగో, నారాయణపేట నేత. అంచు గరుగ్గా ఉంటుంది." సరిగ్గా అదే. కానీ నేను అప్పుడు గోడను చూడడం లేదు, అమ్మా. అమ్మమ్మ ముఖం చూస్తున్నాను. వెతికినంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉన్నాయి.

రోసమ్మ వెళ్ళాక అడిగాను.

"అమ్మమ్మా, ఆ మూల ముక్క ఏ రంగు?"

"మడ్డి రంగు."

"అది నీలం."

"అయితే నీలమే. నాకన్నీ మడ్డిగానే ఉన్నాయే. నీలాలు నలుపు, తెల్లవి పసుపు. టీగ్లాసులోంచి చూస్తున్నట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాప మీద పరుచుకునే రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? ముక్క నా చేతిలోనే ఉండేది. ఏ రంగో తెచ్చినవాళ్ళనే మాటల్లో పెట్టి చెప్పించుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు దాన్ని తీసుకెళ్ళి అల్లంత దూరాన పెట్టావు." కుర్చీలో కూర్చుని చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ గోడే నన్ను పట్టించిందే."

ఆమె సౌకర్యానికి కట్టానని గర్వపడినది ఆమెకు ప్రతిరోజూ పరీక్ష అయింది. ఆ పరీక్షలో నెగ్గడానికి ఆమె రోజూ నా ఉపన్యాసాలు విన్నది.

"మీ అమ్మకు రాయకే," అంది. "రాస్తే మీ మామయ్య ఈస్టరుదాకా కూడా ఆగడు. కాళ్ళూ లేవు, కళ్ళూ లేవు, ఇంకెందుకీ గది అంటాడు."

రాయలేదు. గత రెండు ఉత్తరాల్లోనూ 'అమ్మమ్మ కులాసా' అని రాశాను. ఆమె కోరింది కనుక దాచానని తప్పించుకోవచ్చు. కానీ ఆ సాక్ష్యం బయటపడితే గది ఉంచాలన్న నా కేసు ఓడిపోతుందన్న భయం కూడా నాకుంది. ప్రత్యర్థి సగం నిజం చెబితే వేదిక మీద ఎండగట్టే నేను, ఇంటికి సగం నిజమే రాశాను. క్షమించు.

అయితే ఊరికే కూర్చోలేదు. రోసమ్మా నేనూ అమ్మమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, ఎండలు ముదరకముందే ఆపరేషను చేస్తే మంచిదనీ, ఎడమ కన్ను తర్వాత చూద్దామనీ ఆయన అన్నారు. చూపు వస్తుందా అని గట్టిగా నిలదీశాను. "లావు అద్దాలతో రావాలమ్మా. వస్తుందనే చేస్తాం. మాట మాత్రం ఇవ్వలేను" అన్నారు. ఆ నిజాయితీకి నేను ఆయనకు కృతజ్ఞురాలిని. ఆమె పిల్లల్లో ఒకరు వచ్చి సంతకం పెట్టాలి. మనవరాలి సంతకం చెల్లదట. అక్కడా వాదించాను, ఓడిపోయాను.

మామయ్యా, తాతయ్య చూపు కంటి ఆపరేషను తర్వాతే పోయిందని నాకు తెలుసు. ఆ తర్వాత ఆయన చేయి పట్టుకుని చర్చికి నడిపించింది మీరేనని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీ భయం అర్థం లేనిదని నేను అనను. ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు అని కొట్టిపారేయను కూడా, ఎందుకంటే డాక్టరే మాట ఇవ్వలేదు. నేను అడిగేది ఒక్కటే: రెండో వైపు కూడా తూచండి. కత్తి వద్దంటే ఆమెకు మిగిలేది మీరు వేయించే ఆ మంచమే. దాని మీద ఆమె ఎలా పడుకుంటుందో క్రిస్మస్ తర్వాత నేను చూశాను. మీరు చూడలేదు.

ఈ లోపల పని ఆగలేదు. ఇప్పుడు నేను ఉపన్యాసం మానేసి రంగులు మాత్రం చదువుతాను. "నీలం, దాని పక్కన నలుపు." "తీసెయ్." "నీలం, దాని పక్కన నిమ్మపండు రంగు." "ఎవరి చీర?" "పాస్టరమ్మగారిది." "ఉంచు." రోసమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంది. కింద పడిన ముక్కలు ఏరుతూ కూనిరాగం తీస్తుంది. బొంత సగం దాటింది.

అమ్మా, నన్ను హాస్టల్లో చేర్చమని నేను పోట్లాడినప్పుడు నువ్వు ఒప్పుకోలేదు. 'నీ నోటికి అమ్మమ్మే సరి' అన్నావు. అప్పుడు నీ మీద ఎంత కోపం పెట్టుకున్నానో నీకు తెలుసు. ఈ రోజు దానికి నీకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నీ అభియోగానికి కూడా కృతజ్ఞురాలిని. నువ్వు అలా నిలదీయకపోతే ఈ నిజం ఇంకా కొన్నాళ్ళు నా దగ్గరే ఉండిపోయేది. నీ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించాను. గోడకుర్చీ దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత చేతికర్ర పక్కన పెట్టింది.

"ఇంక రాసెయ్యవే," అంది. "అన్నీ రాసెయ్. కానీ వాణ్ణి ఓడించేట్టు రాయకు. ఓడితే నా కొడుకు రాడు. కదిలేట్టు రాయి."

నాకు చేతనైనంతలో రాశాను. మామయ్యా, కుట్టుమిషను కోసం ఈస్టరుకు రావద్దు. సంతకం కోసం ఇప్పుడే రండి. అమ్మా, నువ్వు సెలవు పెట్టు. అమ్మమ్మ కంటికి కట్టు ఉన్నన్నాళ్ళూ, నేను పరీక్షలకు వెళ్ళినప్పుడు, ఆ గోడ పక్కన నిలబడి రంగులు చదివే గొంతు ఒకటి కావాలి. ఈ వాక్యం చదివాక కాగితం మడిచి దిండు కింద పెట్టకు. తలెత్తి, నీ చుట్టూ కూర్చుని వింటున్నవాళ్ళ ముఖాలు చూడు. మామయ్యతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగు: రేపటి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కేది ఎవరు?

ఇట్లు,
మీలో ఎవరు వచ్చినా స్టేషనులో ఎదురువచ్చి పెట్టె మోసే,
నీ కూతురు, మామయ్యకు మేనకోడలు,
మేబెల్